మా గోదాము గదులు

నంద్యాలలో నా ఉద్యోగం పరాయి ఇళ్లలోకి తొంగి చూడటం. శానిటరీ ఇన్‌స్పెక్టర్ అంటే రోడ్లు ఊడ్పించే మనిషి అనుకుంటారు చాలామంది. ఊడ్పించడం అందులో ఒక ముక్క మాత్రమే. బాడుగ గదులకు మరుగుదొడ్డి ఉందా, మంచినీళ్ల పైపు మురుగు మోరీలోంచి పోతోందా, తోపుడుబండ్ల మీద వండేవాళ్లు ఏ నీళ్లు వాడుతున్నారు, గిన్నెలు ఎక్కడ కడుగుతున్నారు, ఇవన్నీ చూడాలి. బాగలేకపోతే నోటీసు ఇవ్వాలి. మా ఇల్లు మాత్రం ఆళ్లగడ్డలో. మా నాయనకు అక్కడ కిరాణా కొట్టు. పొద్దున బస్సెక్కి శిరివెళ్ల మీదుగా నంద్యాల పోతాను, సాయంత్రం అదే దారిన తిరిగొస్తాను.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఒకే సందు నుంచి వరసగా పచ్చకామెర్ల కేసులు వచ్చాయి. ఆసుపత్రివాళ్లు ఫోన్ చేసి చెబితే వెళ్లి చూశాను. కాలువ పక్కన ఇరుకు సందు. అందులో ఒక వరస రేకుల గదులు. ఉండేవాళ్లంతా బండ్ల మీద అమ్ముకుని బతికేవాళ్లు. అందరికీ కలిపి ఒకటే కొళాయి, అదీ మోకాలి లోతు గుంతలో. గుంతకు ఆనుకునే మరుగుదొడ్డి గోడ. నేను చెప్పులు విడిచి గుంతలోకి దిగి పైపు తడిమాను. కీలు దగ్గర వదులుగా చేతికి తగిలింది. ఇక నీళ్లు పరీక్షకు పంపకముందే మురుగు కలుస్తోందని నాకు అర్థమైపోయింది.

పక్కనే ఒకామె పెద్ద బేసిన్‌లో బొరుగులు తడిపి పిండుతోంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మే బండి ఆమెది. ముప్పై ఏళ్లుంటాయేమో. మొగుడు బెంగళూరులో కట్టడం పనికి పోయి పండగకో పబ్బానికో వస్తాడు. ఇక్కడ ఆమె, ముసలి అత్త, ఆరో తరగతి చదివే కూతురు.

"ఈ నీళ్లతోనేనా బొరుగులు తడిపేది?" అన్నాను.

"ఇంకే నీళ్లుండాయి మేడమ్? అందరం ఇవే తాగుతాండాం."

"మరగబెట్టి వాడకూడదా?"

"మరిగే నీళ్లలో బొరుగులేస్తే గంజి అయితాది గదా," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ బండి ఆపించాను. క్యాన్ నీళ్లు తెచ్చుకునేదాకా తీయొద్దని చెప్పాను. ఆమె గొడవ పడలేదు. నాలుగు రోజుల తర్వాత ఆఫీసుకొచ్చి, "క్యాన్లు పెట్టినా మేడమ్, వచ్చి చూసుకో," అని పిలిచింది. పోయి చూశాను. బేసిన్ మీద మూత కూడా పెట్టింది. బండి తీసుకోమన్నాను.

పరీక్షలో నీళ్లు తాగడానికి పనికిరావని వచ్చింది. గదుల యజమానికి నోటీసు ఇచ్చాను. కొత్త పైపు పైనుంచి వేయాలి, మరుగుదొడ్డి గుంత మార్చాలి, లేకపోతే గదుల్లో ఎవరినీ ఉంచకూడదు. ఆయన ధాన్యం, పప్పుల వ్యాపారి, మా కులమే. మర్నాడే ఆఫీసుకొచ్చి చేతులు జోడించి కూర్చున్నాడు.

"నువ్వు ఆళ్లగడ్డ కిరాణా కొట్టు ఆయప్ప కూతురివంట గదా! మీ నాయనకు కందిపప్పు పోయేది మా కాడి నుంచేనమ్మా. నువ్వు చెప్పినంక కాదంటానా? అంతా సరి చేయిస్తా."

నేను సంతోషపడ్డాను. ఇంత తేలిగ్గా ఒప్పుకునే యజమానిని అంతకుముందు చూడలేదు.

మళ్లీ తనిఖీకి పోయేసరికి అక్కడ గదులు లేవు. రేకులు ఒక పక్క పేర్చి ఉన్నాయి. జేసీబీ మొండిగోడల్ని తోస్తోంది. యజమాని గొడుగు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"ఏందిది?" అన్నాను.

"బాగలేదని నువ్వే రాసిస్తివి గదమ్మా. ఈ పాత రేకులకు రిపేరీలు ఎవరు చేపిస్తారు? తీసేసినా. ఈడ షాపులు కడతా."

ఆయన తప్పేమీ చేయలేదు. ఎవరినీ ఉంచకూడదని రాసింది నేనే. బాగు చేయి లేదా ఖాళీ చేయించు అన్న రెండు మాటల్లో ఆయనకు నచ్చినది ఆయన ఎంచుకున్నాడు. ఆ సందులో మళ్లీ కామెర్లు రాలేదు. రావడానికి అక్కడ మనుషులు లేరు. నెలాఖరు మీటింగులో మా పైఅధికారి నలుగురి ముందు, సమస్యను మొదలంటా తీసేశావని మెచ్చుకున్నాడు. నేను తల వంచుకుని కూర్చుంటే అణకువ అనుకున్నారు.

ఉగ్గాని ఆమె మూతపడిన ఒక అంగడి అరుగు మీద సామాన్లు పెట్టుకుని కనిపించింది. అత్త గోడకానుకుని పడుకుని ఉంది. కూతురు స్కూలు బట్టల్లో బక్కెట్ల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి ఆమె లేచి నిలబడింది.

"నీళ్లు బాగలేవని చెప్పినావు మేడమ్, నిజమే. మరి నీళ్లు బాగుండే ఇల్లు యాడుందో నువ్వే చెప్పు. అడిగిన కాడంతా బండి పెట్టుకునేటోళ్లకు ఇచ్చేది లేదంటాండారు."

ఆమె ఎగతాళి చేయలేదు. నాకు తెలిసి ఉంటుందనే అడిగింది.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక మా గదులు గుర్తొచ్చాయి. మా కొట్టు వెనక సందులో నాపరాళ్లతో కట్టిన వరస ఒకటుంది. మా తాత మిరపకాయలు కొని నిలవ పెట్టడానికి కట్టించిన గోదాము అది. ఆ వ్యాపారం పోయాక మా నాయన మధ్యలో గోడలు లేపి గదులు చేసి బాడుగకిస్తున్నాడు. ఎక్కువగా ఊళ్లోని రాతిశిల్పాల పనికి వచ్చే కూలీలు ఉంటారు. అందులో ఒకటి ఖాళీగా ఉంది. బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి. మరుగుదొడ్డి దూరంగా ఉంది.

"నూనె పొగ, పిండి వాసన. మిగిలినోళ్లు ఏమంటారో," అని నాయన మొదట వద్దన్నాడు.

"నా నోటీసుతోనే రోడ్డున పడినారు నాయనా."

"సరే, రమ్మను. బాడుగ మాత్రం అందరికీ ఎట్లనో ఆమెకూ అట్లనే," అన్నాడు.

వాళ్లు ఆళ్లగడ్డ వచ్చేశారు. ఆమె బస్టాండు దగ్గర బండి పెట్టుకుంది. మొదటి నెలలోనే పొద్దున బేరం పుంజుకుంది. పుట్నాల పొడి దండిగా చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చేది. మా నాయన రోజూ కొట్టుకు ఒక పొట్లం తెప్పించుకునేవాడు. నేను బస్సుకు పోతుంటే పిలిచి చేతిలో వేడి బజ్జీ పెట్టేది. మేడమ్ అనడం మానేసి అక్కా అంటోంది. ఆ రోజుల్లో నా మనసు తేలికగా ఉండేది. చెడగొట్టినదాన్ని సరిచేశాననుకున్నాను. కొంచెం గర్వం కూడా పడ్డాను. ఇప్పుడు ఆ గర్వం తలచుకుంటేనే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

నేను ఆ గదిలోకి పోలేదు. నంద్యాలలో ఏ గదిలోకైనా అడగకుండానే పోయి, గోడ మీద అరచేయి ఆనించి చెమ్మ చూసి, కిటికీ ఎటుందో వెతికేదాన్ని. మా గదుల దగ్గరికొచ్చేసరికి అది మా ఆస్తి, నాయన వ్యవహారం. చిన్నప్పుడు ఆడుకున్న చోటు. దాన్ని తనిఖీ కళ్లతో చూడాలని నాకు తోచనేలేదు.

వానాకాలం నడుమ ఒకరోజు ఆమె అంది: "అక్కా, ఎనకగోడంతా చెమ్మ. మా అత్త దగ్గుతానే ఉంది. గాలి ఆడదు. తలుపేస్తే చీకటి, తీస్తే జల్లు."

నాయనకు చెప్పాను. "వానాకాలం ఏ గోడ తడవదు?" అన్నాడు. ఆయన అప్పుడు కొట్టులో సరుకు లెక్క చూసుకుంటున్నాడు. ఇంకోసారి చెబుదామనుకున్నాను. ఆ వారం నంద్యాలలో దోమల మందు పని ఎక్కువగా ఉంది. తర్వాత పండగ వచ్చింది.

ముసలామెకు టీబీ అని తేలింది. మందులు మొదలుపెట్టారు. ఇంట్లో మిగిలినవాళ్లకూ పరీక్ష చేస్తే కూతురికి కూడా సోకిందని వచ్చింది. ఆ పిల్ల అప్పటికే నెల నుంచి సాయంత్రం జ్వరమంటూ మూల పడుకుంటోందట. బడి ఇష్టం లేక సాకులు చెబుతోందని తల్లి అనుకుంది.

ఆదివారం నేనింట్లో ఉన్నప్పుడు ఆశా కార్యకర్త వచ్చింది. ఆళ్లగడ్డ పిల్లే, నాకంటే చిన్నది. వెనక సందులోకి పోతూ, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నని తెలిసి నన్ను కూడా రమ్మంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గడప దాటాను. లోపల రెండడుగులు వేయగానే చీకటి. ఆమె ఫోన్ లైటు వేసింది. గోడ మీద అరచేయి ఆనించింది. తలెత్తి నాలుగు మూలలా కిటికీ కోసం చూసింది. నంద్యాలలో నేను చేసే పనే, అదే వరసలో, నా కళ్ల ముందు చేస్తోంది. గోదాముకు కిటికీలుండవు. దొంగలు రాకుండా, ఎలుకలు దూరకుండా, మిరపకాయలకు చెమ్మ తగలకుండా కట్టిన గోడలవి. వాటి మధ్య ముగ్గురు మనుషులు ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ పడుకుంటున్నారు.

"ఈ గదులు ఎవరివక్కా?" అంది ఆ పిల్ల. నిజంగానే తెలియక అడిగింది.

"మావే," అన్నాను.

ఆమె వెంటనే లైటు ఆర్పేసింది. "సరేలే అక్కా, కిటికీ ఒకటి పెట్టిస్తే బాగుంటాది," అని మెల్లగా అంది. నాకు నోటీసిచ్చి ఉంటే ఇంతకంటే నయంగా ఉండేది. మంచం మీదున్న ముసలామె చేతులెత్తి నాకు దండం పెట్టింది. ఇల్లిచ్చిన మనిషినని.

ఆ మధ్యాహ్నమే నాయనతో గొడవ పడ్డాను.

"ఎనక గోడకు కిటికీలు తీపియ్యల్ల నాయనా. అన్ని గదులకూ."

"నాపరాతి గోడ అది. ఒక రాయి లాగితే పైనుంచి ఎన్ని రాలతాయో ఎవరికెరక? అంత బాగలేకుంటే అందర్నీ పంపించి, తీసేసి, చదును చేసి పెడతా. నంద్యాల శెట్టి చేసినట్ల."

ఆయన కోపంలో అన్న మాట అది. నన్ను పొడవాలని అన్నది కాదు. కానీ గట్టిగా పట్టుబడితే ఏమవుతుందో నేను ఒకసారి చూసి ఉన్నాను. వదిలేస్తే ఏమవుతుందో ఆ గదిలో చూసొచ్చాను.

అమ్మ వంటింట్లోంచి అంతా విని బయటికొచ్చింది. "పనైందాకా వాళ్లను మన మిద్దె మీద గదిలో పెట్టండి. గోడ సంగతి మేస్త్రీ చూసుకుంటాడు. తండ్రీకూతుర్లు అరుచుకుంటే కిటికీ వస్తాదా?" అంది.

నాయన ఉలిక్కిపడ్డాడు. "టీబీ మనుషులు మన ఇంట్లోనా?"

మందులు వాడుతుంటే కొన్నాళ్లకే ఇతరులకు అంటుకునే భయం తగ్గిపోతుందని, మిద్దె మీద నాలుగు వైపులా గాలి ఉంటుందని నేనే చెప్పాలి. చెప్పాను. అది నేను వీధి వీధిలో చెప్పే మాటే. కానీ చెబుతూనే, మిద్దె మెట్లు మా వంటింటి పక్క నుంచే కదా అని లోపల ఒక లెక్క వేసుకున్నాను. ఎవరూ వినలేదు. నేను విన్నాను.

వాళ్లను మిద్దె మీదికి చేర్చాం. కానీ ఆ రోజు నుంచి మా నాయన ఉగ్గాని పొట్లం తెప్పించుకోవడం మానేశాడు. ఎందుకని కొట్టులో ఎవరో అడిగితే ఉన్నమాట చెప్పేశాడు. ఆయనకు దాచడం తెలియదు, చెడు చేయాలనీ లేదు. కిరాణా కొట్టులో అన్న మాట పొద్దుగూకేలోగా ఊరంతా తిరుగుతుంది. వారం తిరిగేసరికి బస్టాండులో ఆమె బండి దగ్గర ఈగలు తప్ప ఎవరూ లేరు.

నాయనను అడిగాను. "ఏమి, నేను అబద్ధం చెప్పినానా?" అన్నాడు. మళ్లీ తనే, "అంత దూరం పోతాదనుకోలేదు," అన్నాడు.

తిండి వల్ల ఆ జబ్బు రాదని, ఆమెకు పరీక్షలో ఏమీ లేదని ఎంతమందికని చెప్పను? చేయగలిగింది ఒకటే తోచింది. పొద్దున ఐడీ కార్డు మెడలో వేసుకుని, బస్సుకు అరగంట ముందే పోయి, ఆమె బండి ముందు అందరికీ కనబడేలా నిలబడి తినేదాన్ని. ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు. ఆకలున్నా లేకున్నా. తెలిసినవాళ్లు పోతుంటే పిలిచి, తినమని బలవంతం చేసేదాన్ని. కొందరు మొహమాటానికి తిన్నారు. కొన్నాళ్లకు బస్సు డ్రైవర్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు.

ఒకరోజు ఆమె నా ప్లేటు తీసుకుంటూ అంది: "నిన్ను చూసి నలుగురొస్తాండారులే అక్కా, కాదనను. కానీ నువ్వు తింటాలేవు. మింగుతాండావు. మందు మింగినట్ల."

"అట్లేం లేదు," అన్నాను.

"ఉండాది. నేను వండేదాన్ని గదా, నాకు తెలుస్తాది. నువ్వు ఇట్ల మింగుతాంటే నాకే పాపం చేసినట్ల ఉండాది."

ఆమె కోపంగా అనలేదు. నూనెలోంచి బజ్జీలు తీస్తూ, మామూలుగా మాట్లాడుతున్నట్టే అంది. నా బాధను దించుకోవడానికి కూడా ఆమె బండినే వాడుకుంటున్నానని అప్పుడు తెలిసింది. మర్నాటి నుంచి ఆకలైనప్పుడే ఆగాను.

మేస్త్రీ వచ్చి గోడ చూసి, ఏమీ కాదన్నాడు. పైన ఇనుప దూలం ఆనించి, ఒక్కో గదికి రెండేసి రాళ్లు తీస్తే చాలన్నాడు. నాయన దగ్గరుండి పని చేయించాడు. మొదటి రాయి బయటికి లాగినప్పుడు రాళ్ల సందుల్లో ఎన్నేళ్ల నుంచో పేరుకున్న మిరపకాయల దుమ్ము లేచింది. మేస్త్రీ, నాయన, సందులోవాళ్లు, అందరూ తుమ్మడమే. నాయన కళ్లల్లో నీళ్లు కారుతుంటే తువ్వాలుతో తుడుచుకుంటూ లోపల పడిన వెలుగు వంక చూస్తూ నిలబడ్డాడు. "ఇంత చీకటిగా ఉన్నిందా?" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. ఆ మాట విన్నాక ఆయన మీద నా కోపం పోయింది. మేమిద్దరం ఒకటే చేశాం. ఇద్దరం ఆ గదిలోకి పోలేదు.

ముసలామె కిటికీ చూడలేదు. మందులు ఒంటికి పట్టక, తిండి పోక, పని పూర్తి కాకముందే ఆసుపత్రిలో పోయింది. ఆమెకు అంతకుముందే జబ్బు ముదిరి ఉందని, నంద్యాల నుంచే తెచ్చుకుని ఉండొచ్చని డాక్టరు అన్నాడు. అది నిజం కావచ్చు. ఆ మాట నేను చాలాసార్లు నాకు చెప్పుకున్నాను. కానీ పిల్లకు సోకింది మా గదిలోనే కావచ్చన్నది కూడా అంతే నిజం.

కర్మకాండలకు వచ్చిన ఉగ్గాని ఆమె మొగుడు అవి కాగానే బెంగళూరుకు తిరిగిపోయాడు. ఆమె మళ్లీ గోదాము గదిలోకి దిగలేదు. సామాను సర్దుకుని పాణ్యంలో వాళ్లన్న ఇంటి పక్కకు పోయింది. గది బాగైంది గదా, ఉండమని నేను అడిగాను. నాయన కూడా అడిగాడు, బాడుగ తగ్గిస్తానని కూడా అన్నాడు.

"గది బాగుంది. ఈడ నాకు నిద్ర పట్టదు," అంది ఆమె.

ఇప్పుడా గదిలో శిల్పాలు చెక్కే ఇద్దరు అన్నదమ్ములున్నారు. కిటికీలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటారు. నాయన బాడుగకు వచ్చేవాళ్లకు ముందుగా కిటికీనే చూపిస్తాడు.

నా పని కూడా మారింది. నోటీసు రాసే ముందు, వీళ్లు యాడికి పోతారు అని అడుగుతాను. యజమానిని, పక్కింటివాళ్లను, వార్డు మనిషిని. ఒక్కోసారి ఆ అడగడంలో రోజులు పోతాయి. ఆ రోజుల్లో ఆ నీళ్లు తాగి ఎవరికైనా ఏమైనా అయితే? తొందరపడినా తప్పే, ఆలస్యమైనా తప్పే అనిపిస్తూ చేసే ఉద్యోగమైపోయింది. మానేద్దామని అమ్మతో అంటే, "నువ్వు మానితే ఆ గదుల్లోకి ఎవరు పోతారు?" అంది.

పిల్ల మందుల కోర్సు అయిపోయాక ఆఖరి పరీక్ష నంద్యాల పెద్దాసుపత్రిలో. నేను సెలవు పెట్టి పోయాను. ఎక్స్‌రే చూసి డాక్టరు, ఇక భయం లేదు, బాగా తినమని చెప్పాడు. పిల్ల ఒళ్లు చేసింది. జడ పొడుగైంది. డాక్టరు ముందు ఊపిరి గట్టిగా పీల్చి వదలమంటే, పీల్చి నవ్వు ఆపుకోలేకపోయింది.

బయటికొచ్చి టీ తాగాం. తల్లి నన్ను డబ్బులు ఇయ్యనివ్వకుండా తనే ఇచ్చింది. పాణ్యంలో బండి బాగానే ఉందని, అన్న తోడున్నాడని చెప్పింది. గ్లాసు పెట్టేసి, కొంగు సర్దుకుని, నా వైపు చూడకుండా అంది:

"అక్కా, ఒక మాటంటా, ఏమీ అనుకోద్దు. నువ్వు మాకు శానా చేసినావు. నేను మరిచిపోను. కానీ ఇంక నువ్వు రావద్దులే. ఫోన్ కూడా ఒద్దు. నిన్ను చూస్తే మా అత్త యాదికొస్తాది. ఆ చీకట్లో దగ్గేది ఇనబడతాది."

"సరేమ్మా," అన్నాను.

"కోపమా?"

"లేదు."

పాణ్యం మీదుగా పోయే కర్నూలు బస్సు వచ్చింది. పిల్ల ముందుగా ఎక్కి కిటికీ పక్కన సీటు పట్టుకుంది. తల్లి వెనకే ఎక్కి, ఒక్కసారి నా వైపు తల ఊపి లోపలికి పోయింది. బస్సు కదిలాక టీ కొట్టాయన గ్లాసులు తీయడానికొచ్చాడు. పక్కనున్న బక్కెట్లో, నురుగు పట్టిన నీళ్లలో వాటిని ముంచి తీసి మళ్లీ వరసగా పేర్చాడు. ఆ నీళ్లు మార్చమని చెప్పాలి. లేచి అతని దగ్గరికి పోయి, మంచినీళ్లు యాడి నుంచి తెచ్చుకుంటావని ముందు అడిగాను.